ఎన్నో మాటకి తెలిసింది

ప్రోగ్రాంలో తప్పు దొర్లితే సి భాష రెండే మాటలు అని ఊరుకుంటుంది, సెగ్మెంటేషన్ ఫాల్ట్, అంతే, ముఖం మీద తలుపు వేసినట్టు, ఎక్కడ, ఎందుకు, ఎవరి వల్ల, ఏమీ చెప్పదు, అయినా రెండే మాటలు కాబట్టి చెవికి శ్రమ లేదు, పట్టికలో సి ఎదురుగా రెండు అని రాశాను, పక్కగడిలో, ఏం తెలిసింది అన్నచోట, సున్నా రాశాను, జావా ఎదురుగా ఏం రాశానో గుర్తు రావట్లేదు, బస్సు ఊగుతోంది, కుడిచేతిలో తెల్లకర్ర, ఎడంచేత్తో కమ్మీ, ఎవరో లేచి నా భుజం పట్టుకుని కూర్చోండి సెన్యోరా అంటున్నారు, వద్దని చెప్పే ఓపిక లేక కూర్చున్నాను, ఇదివరకైతే పోయింది కళ్ళు బాబూ, కాళ్ళు కాదు అనేదాన్ని, చుట్టుపక్కల నలుగురు నవ్వేవాళ్ళు, ఇవాళ కూర్చున్నాను, సీటు ఇంకా ఆ మనిషి వేడితో వెచ్చగా ఉంది, ఆగస్టు, మా దేశంలో చలికాలం, కిటికీ సందులోంచి నది గాలి మెడమీద పడుతోంది, పడుతోందని తెలుస్తోంది కానీ చలి వెయ్యట్లేదు, ఏడు వారాలుగా ఇంతే, ఉప్పు ఉప్పగా ఉందని తెలుస్తుంది, రుచి తెలియదు, మా అక్క రోజూ ఫోన్ చేసి ఏడ్చావా అని అడుగుతుంది, మందు వేసుకున్నావా అని అడిగినట్టు, లేదంటాను, ఏడవ్వే నెల్బా, ఏడిస్తే పోతుంది అంటుంది, ఏది పోతుందో అడగను, జావా, ఆ, జావా మొదటి లైన్లోనే కారణం చెబుతుంది, చెప్పి ఊరుకోదు, ఎవరు ఎవర్ని పిలిస్తే ఎవరు ఎవర్ని పిలిచారో నలభై లైన్లు, పెళ్ళిలో చుట్టరికాలు చెప్పే ముసలమ్మలాగా, ఆ నలభై లైన్ల కింద అడుగున ఇంకో కారణం దాక్కుని ఉంటుంది, మొదట చెప్పింది కాదు, అసలు కారణం అది, తొమ్మిదో మాటకి తెలిసిందనుకుంటాను, తెలిసింది తప్పు, జావాకి రెండు అంకెలు రాశాను, తొమ్మిది, మూడువందల పన్నెండు.

పదకొండింటికి విల్మార్ గదిలో మీటింగ్, విల్మార్ మా యజమాని, మంచివాడు, చెడ్డ మాట చెప్పాల్సొచ్చినప్పుడు ముందు దగ్గుతాడు, మాది పాల ట్యాంకుల పని, ఊళ్ళల్లో పాడిరైతుల దగ్గర ట్యాంకుల్లో పాలు ఎంత చల్లగా ఉన్నాయో ఆ అంకెలు ఇక్కడికి, మాంటెవిడియోకి, తెచ్చి చూపించే ప్రోగ్రాం, పద్నాలుగేళ్ళ పాతది, లువాలో రాసింది, లువా అంటే పక్కనే బ్రెజిల్‌లో పుట్టిన చిన్న భాష, వాళ్ళ మాటలో చందమామ, ఇప్పుడా ప్రోగ్రాంని తిరగరాయాలట, ఏ భాషలో అన్నది ఇవాళ తేలాలి, మూడు వారాల కింద విల్మార్ నా బల్ల దగ్గరికి వచ్చి దగ్గాడు, నెల్బా, నువ్వొక పని చేసిపెట్టాలి, ఒకే తప్పుని అన్ని భాషల్లోనూ కావాలని చెయ్యి, ఏది ఏమని అరుస్తుందో రాయి, ఆ తప్పు వెతకడానికి ఏ పరికరాలున్నాయో, ఎంత పనికొస్తాయో రాయి, నువ్వైతే ఓపిగ్గా చేస్తావు అన్నాడు, అది హెబెర్ చెయ్యాల్సిన పని, ఆఫీసులో అన్ని భాషలూ తెలిసినవాడు హెబెర్ లారోసా ఒక్కడే, హెబెర్ లేడు కాబట్టి నాకిచ్చాడు, ఆ మాట అనలేదు, నేనూ అడగలేదు, సరే అన్నాను, ఆ మూడు వారాలూ అదే పని, ట్యాంకు నుంచి అంకె రావలసిన చోట ఏమీ రాలేదు, ఆ ఏమీ లేనిదాన్ని అంకె అనుకుని లెక్క కట్టబోవడం, అదీ నేను చేసిన తప్పు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే తప్పు, ఒక్కో భాషలో, చెవిలో గొంతు చదువుతూ ఉంటుంది, తెరమీద ఉన్నదంతా చదివి వినిపించే ఆడగొంతు, నేను పెట్టుకున్న వేగానికి పక్కవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు, వాన రేకుల మీద పడ్డట్టుంది అనేవాడు హెబెర్, నేను వేళ్ళమీద లెక్కపెడతాను, ఎన్నో మాటకి నాకు సంగతి తెలిసింది, అదే నా కొలత, చూసేవాళ్ళు ఒక్క చూపులో తెరంతా చూస్తారు, నేను వరసలో నిలబడాలి, ముందు మాట అయ్యాకే వెనక మాట.

పైథాన్ కథ మొదట్నుంచి చెబుతుంది, ఇక్కడ మొదలైంది, అక్కడికి వెళ్ళింది, అక్కణ్ణుంచి ఇక్కడికి, ఆఖరి లైన్లో అసలు సంగతి, అందుకని వెనకనుంచి చదవడం అలవాటు చేసుకోవచ్చు, కానీ కొత్త రకాల్లో తప్పున్న చోటు కింద వరసగా టోపీ గుర్తులు గీస్తారు, చూసేవాళ్ళకి వేలు పెట్టి చూపించినట్టుంటుందట, నాకు టోపీ టోపీ టోపీ టోపీ అని వినిపిస్తుంది, ఒకసారి పద్నాలుగు టోపీలు లెక్కపెట్టాను, పదిహేనోది ఉందేమోనని ఇంకోసారి విన్నాను, లేదు, రస్ట్ అనే ఇంకో భాష, మా ఆఫీసులో యానినా ప్రాణం పెట్టే భాష, ప్రోగ్రాం అసలు నడవకముందే పట్టుకుంటుంది, చాలా మర్యాద, ఇది ఇక్కడ ఇచ్చావు, ఇక్కడ వాడావు, ఇది ఖాళీ కావచ్చు, ఇలా మార్చి చూడు అంటుంది, మంచి టీచరమ్మ, కానీ మాట మాటకీ మధ్య గీతలు, నిలువు గీత, అడ్డగీత, బాణం, నిలువు గీత, టోపీ, యానినాని అడిగితే అవి రంగుల్లో ఎంత బావుంటాయో సెన్యోరా అంది, చేరిన కొత్తలో, సెన్యోరా అనకు, నాకు నలభైరెండే అన్నాను, సరే నెల్బా గారూ అంది, గారూ కూడా వద్దన్నాను, ఎనిమిది నెలలైంది, ఇప్పటికీ మీరు అని మొదలుపెట్టి నువ్వు అని ముగిస్తుంది, పీహెచ్‌పీ అయితే ఒకచోట ఉన్నట్టుండి హీబ్రూ మాట్లాడుతుంది, పామాయిమ్ నెకుదోతాయిమ్ అని, రెండుసార్లు పెట్టిన రెండు చుక్కల గుర్తుకి వాళ్ళ మాటట, చేసినవాళ్ళ సరదా, నా చెవిలోని స్పానిష్ గొంతు దాన్ని నమిలి ఉమ్మేస్తే మొదటిసారి విన్నప్పుడు కంప్యూటర్‌కి పక్షవాతం వచ్చిందనుకున్నాను, హెబెర్ పక్కబల్ల నుంచి, భయపడకు పిల్లా, మా అమ్మమ్మ శాపం పెడితే అచ్చం ఇట్లాగే వినిపించేది అన్నాడు, నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, అప్పుడు వచ్చేవి.

పరికరాల సంగతి రాయడానికి ఎక్కువ లేదు, సి భాషకి పాతకాలం పరికరం ఒకటుంది, మాట టైపు చేస్తే మాట బదులిస్తుంది, బొమ్మల్లేవు, అది నాకు చెల్లెలు, కొత్తవన్నీ బొమ్మలే, ప్రోగ్రాం ఆగాల్సిన చోట ఎర్రచుక్క నొక్కాలి, మౌసు ఏదైనా అంకె పేరు మీద పెడితే పసుపు పెట్టెలో విలువ కనపడుతుంది, మౌసు తీస్తే పోతుంది, ఆ పసుపు పెట్టె నా చెవిలో ఎప్పుడూ పడలేదు, పదకొండేళ్ళ కింద పచ్చకర్ర ఇచ్చినప్పుడు, అంటే కొంచెం కనపడేవాళ్ళకిచ్చే కర్ర, ఆ పెట్టె పసుపు మరకలా కనపడేది, తర్వాత తెల్లకర్ర వచ్చింది, మరక పోయింది, అప్పట్నుంచి నా పరికరం ఒకటే, ప్రోగ్రాం మధ్యమధ్యలో ఇక్కడ ఒకటి, ఇక్కడ రెండు, ఇక్కడ మూడు అని అరిపించడం, ప్రపంచమంతా చేసే పనే, ఎవరూ ఒప్పుకోరు, ఏ భాషలోనైనా చెల్లుతుంది, అదే పట్టికలో రాశాను, యానినా చదివి, అంటే మిగతావన్నీ దండగా అని అడిగింది, నాకు దండగ అన్నాను, అని, ఆ పరికరాలు ఎంత పనికొస్తాయన్న గడిని ఖాళీగా వదిలేశాను, ఎందుకంటే కొత్త భాష అంటే కొత్త పరికరం, కొత్త పరికరం అంటే బొమ్మ, బొమ్మ నాతో మాట్లాడదని రాస్తే అడ్డంకిని నేనవుతాను, మాట్లాడుతుందని రాస్తే మూడు నెలల్లో ఉద్యోగం పోతుంది, అందుకని లువా అడ్డువరస మాత్రం జాగ్రత్తగా నింపాను, అబద్ధమేం కాదు, నిజంగానే లువా అన్నిటికన్నా బాగా మాట్లాడుతుంది, తొమ్మిదేళ్ళుగా వింటున్నాను, లైను ఎనభై ఎనిమిది, ఉష్ణోగ్రత ఖాళీ, ఐదు మాటలు, ఏ లైనో ముందు, ఏమైందో తర్వాత, ఎవరు పిలిచారో కావాలంటే చివర్న, నా కోసమే పుట్టిన భాష అనిపించేది, ఇంటర్నెట్‌లో జనం అడిగే ప్రశ్నల్లో లువా ఇంకోలా మాట్లాడేది, అది కొత్త రకమేమో, మాది పాతది, మనవాళ్ళెవరో ఏనాడో స్పానిష్ చేసిపెట్టినది అనుకున్నాను, ఇంకో ఆలోచన రాలేదు.

ఆఫీసు మెట్లు పద్నాలుగు, పాత ఇల్లు, కిరసనాయిలు హీటరు వాసన, బిస్కోచో రొట్టెల వెన్న వాసన, ఎడమవైపు నా బల్ల, దాని పక్కన హెబెర్ బల్ల, ఖాళీ, కుర్చీ బల్లకిందికి తోసేసి ఉంటుంది, కర్ర తగిలితే మామూలు కుర్చీ చప్పుడే, ఏడు వారాల కింద ఆదివారం సంతలో కమలాపళ్ళు ఏరుకుంటూ పడిపోయాడు, సోమవారం విల్మార్ దగ్గి చెప్పాడు, పళ్ళు రోడ్డంతా దొర్లాయట, అమ్మేవాడు ఏరి సంచిలో వేసి వాళ్ళావిడకి ఇచ్చాడట, అందరూ ఆ రాత్రి శవజాగారానికి వెళ్ళారు, నేను జ్వరమని చెప్పాను, జ్వరం లేదు, వెళ్ళి ఏమంటాను, మార్చిలో నేనన్న మాట అందరూ విన్నారు, మార్చిలో ఒక తప్పు దొరక్క నేను నాలుగు రోజులు కొట్టుకుంటుంటే హెబెర్ విల్మార్ గదిలోకి వెళ్ళి, నెల్బాకి ఇంకో రెండు రోజులియ్యి, దాని తప్పు కాదు అన్నాడు, చెక్కగోడ, నా చెవులు ఎలాంటివో అతనికి తెలుసు, మరిచిపోయాడో ఏమో, బయటికి రాగానే లేచి నిలబడ్డాను, నన్ను మొయ్యమని నిన్నెవడు పెట్టుకున్నాడు అన్నాను, మొయ్యడమా, నా పొట్టే నేను మొయ్యలేకపోతున్నా పిల్లా అన్నాడు, అందరూ నవ్వబోయారు, నేను నవ్వలేదు, నీ జాలి నీ దగ్గరుంచుకో, ఇంకెప్పుడూ నా పని జోలికి రాకు అన్నాను, సరే అన్నాడు, మామూలుగా, ఇంకాస్త సేపటికి ఎప్పట్లాగే మాతే, మా చేదు ఆకుల టీ, కలిపి ఒక్కొక్కరికీ అందిస్తూ నా దగ్గరికి వస్తే గ్రాసియాస్ అన్నాను, మా దగ్గర మాతే అందుకుంటూ థాంక్స్ అంటే ఇక చాలు, నాకు పొయ్యద్దని, మర్నాడు నా దగ్గర ఆగలేదు, ఆ మర్నాడూ ఆగలేదు, మూడు నెలలు, గుడ్ మార్నింగ్ తప్ప మాటలేదు, అతను మంచివాడు కాకపోతే బావుండేది, మిగతావాళ్ళలా చెయ్యి పట్టుకుని నడిపించడం, గ్లాసు చేతిలో పెట్టడం, గొంతు మెత్తగా చెయ్యడం, ఒక్కసారీ చెయ్యలేదు, నేను కుర్చీకి తగిలితే కళ్ళు కనపడట్లేదా ఏమిటి అనేవాడు, అందుకే ఇష్టం, అందుకే ఆ రోజు అంత మండింది, నువ్వు కూడానా అని.

మీటింగ్‌లో నలుగురం, విల్మార్, యానినా, లెక్కలు చూసే దార్సీ, నేను, పట్టిక చదివాను, నా గొంతు నాకు ఇంకెవరిదో చదువుతున్నట్టుంది, సి రెండు, జావా తొమ్మిది, మూడువందల పన్నెండు, పైథాన్ అరవై ఒకటి, రస్ట్ ముప్ఫై నాలుగు, లువా ఐదు, కాబట్టి లువాలోనే ఉందాం, కొత్త రకానికి మారితే చాలు అన్నాను, విల్మార్ దగ్గలేదు, అంటే ఒప్పుకునేట్టున్నాడు, అప్పుడు యానినా, నెల్బా, ఒక్క మాట, మీరు, నువ్వు ఈ ఐదు ఎలా లెక్కపెట్టావు అంది, విన్నాను, లెక్కపెట్టాను అన్నాను, కాదు, నేను కూడా నిన్న అదే తప్పు నా మెషీన్ మీద చేశాను, అదే ప్రోగ్రాం, అదే లైను, నాకు పెద్ద చేంతాడు వచ్చింది, ముందు సర్వర్‌లో ఫైలు ఎక్కడుందో అడ్రసంతా, ఆ తర్వాత ఇంగ్లీషులో వాక్యం, దాని కింద ఇంకో పన్నెండు లైన్లు, ఉష్ణోగ్రత ఖాళీ అని ఎక్కడా లేదు, నీది మార్చిన రకమేమో అన్నాను, ఇద్దరం ఒకే సర్వర్ వాడుతున్నాం అంది, నువ్వేదో కెలికుంటావు అన్నాను, కొంచెం కటువుగానే, ఉద్యోగం కదా, పిల్ల తగ్గలేదు, వద్దంటే చూడను, చూడమంటే చూస్తాను అంది, విల్మార్ దగ్గాడు, చూడు అన్నాడు.

కీబోర్డు చప్పుడు, వేగంగా, తర్వాత నెమ్మదిగా, తర్వాత ఆగింది, ఆగిన చప్పుడు నాకు బాగా తెలుసు, చదువుతోంది, ఏమిటి అన్నాను, ఇక్కడొక ఫైలు ఉంది నెల్బా అంది, దాని పేరు చెవి, ఏం చెవి అన్నాడు విల్మార్, పేరే అది, చెవి, లాగిన్ అయినవాళ్ళ పేరు నెల్బా అయితేనే ఇది పనిచేస్తుంది, మిగతావాళ్ళకి లేనట్టే, లువా తప్పు చెప్పబోతుంటే ఇది మధ్యలో అందుకుని వరస మార్చి, కుదించి, స్పానిష్ చేసి పంపిస్తుంది, రెండువందల పద్నాలుగు వాక్యాలున్నాయి, ఎవరు రాశారు అని అడగలేదు నేను, విల్మార్ అడిగాడు, అడిగి, ఒద్దులే, అన్నాడు, దార్సీ కుర్చీ కిర్రుమంది, యానినా చదవనా అంది, చదువు అన్నాను, మొదటి లైన్లో వ్యాఖ్య ఉంది, తొమ్మిదేళ్ళ కింద తారీఖు, తనకి చెప్పద్దు, చెబితే తీసేస్తుంది, అని ఉంది.

నిజమే, తీసేసేదాన్ని, ఆ క్షణంలో నాకొచ్చిన ఆలోచన అదొక్కటే, ఎంత బాగా తెలుసు ముసలాయనకి, ఇంకేమీ అనిపించలేదు, వేళ్ళు బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి, అవి నావేనని తెలుస్తోంది, విల్మార్ ఏదో అంటున్నాడు, అంటే లువా వరస కొట్టెయ్యాలి కదా అని దార్సీతో మెల్లిగా, తర్వాత నాతో కాసేపు ఆగుదామా అని, అక్కర్లేదు, కొట్టెయ్యండి, నిజం నిజమే, అసలు లువా యానినా మెషీన్ మీద ఉన్నదే అన్నాను, నా గొంతు మామూలుగానే ఉంది, ఐదు కొట్టేసి ఎంత రాయాలి అంటే యానినా నలభై ఏడు అంది, నిన్న వేళ్ళమీద లెక్కపెట్టాను, నీలాగే అంది, రాయండి అన్నాను, వాళ్ళు వెళ్ళాక ఆ ఫైలు నా బల్ల మీద తెరిచాను, చెవిలో గొంతు వాన కురిసినట్టు మొదలుపెట్టింది, ఆపాను, వేగం తగ్గించాను, ఇంకా తగ్గించాను, మనుషులు మాట్లాడుకునేంత మెల్లగా, ఎన్నేళ్ళైందో ఆ వేగంలో విని, ఒక్కో వాక్యం పక్కనా ఒక్కో వ్యాఖ్య, ఇంట్లో కళ్ళు మూసుకుని విన్నాను, నాలుగో మాటకి నిద్రొచ్చింది, కోశాను, ఇంకోచోట, ఖాళీకి లువా వాడే నిల్ అన్న మాట ఈ గొంతులో మిల్ అని, అంటే వెయ్యి అని, వినపడుతోంది, పాలు వెయ్యి డిగ్రీలున్నాయనుకుంటుంది, ఖాళీ అని మార్చాను, ఇంకోచోట, అడ్రసు చదివేలోపు మాతే చల్లారిపోయింది, అడ్రసు తీసేశాను, ఇంకోచోట ఉత్త తారీఖు, దాని పక్కన, ఇది నాకే అర్థం కాలేదు, తనకి ఎలా అవుతుంది, రేపు చూడాలి, ఆ మర్నాటి తారీఖుతో కొత్త వాక్యం, నా చెవిలో పడే గొంతునే వాళ్ళింట్లో కూడా పెట్టుకున్నాడన్నమాట, వాళ్ళావిడ ఏమనుకుని ఉంటుందో, ఆ పొట్టతో కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని, కట్ చేసి, మళ్ళీ విని, తారీఖుల్ని ఒక్కొక్కటే వింటూ వచ్చాను, నవంబరు, జనవరి, మార్చి, మార్చిలో ఆ రోజు తర్వాత ఉండవనుకున్నాను, ఏప్రిల్ ఉంది, ఏప్రిల్‌లో నాలుగున్నాయి, మేలో ఆరు, నేను మాట్లాడని మనిషి, నా జోలికి రావద్దంటే సరే అన్న మనిషి, ఆఖరిది జూన్‌లో గురువారం, సంత ఆదివారానికి మూడు రోజుల ముందు, పిల్ల ఇవాళ ఇదే పొరపాటుకి మూడుసార్లు తిట్టుకుంది, వాక్యం నాది బాలేదు, తనది తప్పు కాదు, మార్చాను.

ఆ గురువారం గుర్తులేదు, ఎన్ని గురువారాలు తిట్టుకుని ఉంటానో, ఏ మాట మార్చాడో చూశాను, లేదు అన్న మాట చివర్న ఉంటే ముందుకు తెచ్చాడు, అంతే, ఒక్క మాట, మర్నాడు శుక్రవారం నేను ఆ తప్పు మళ్ళీ చేసి ఉంటాను, ఈసారి వెంటనే తెలిసి ఉంటుంది, దిద్దుకుని ఉంటాను, దిద్దుకుని ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుని ఉంటాను, పక్కబల్ల నుంచి అతను నా కీబోర్డు చప్పుడు విని ఉంటాడు, ఆగకుండా సాగిందని, అదే అతనికి జవాబు, ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు, ముక్కు కొంచెం మండింది, హీటరు పొగ కావచ్చు, యానినా వచ్చి పక్కన నిలబడింది, నిలబడి ఏం చెయ్యాలో తెలియక, విల్మార్ రస్ట్ అంటున్నాడు, రెండు నెలలు చూద్దాం అన్నాడు, నీకేమైనా కావాలేమో అడగమన్నాడు అంది, పదకొండేళ్ళుగా ఆ ప్రశ్నకి నాదొకటే జవాబు, ఏమీ అక్కర్లేదు, నోటిదాకా వచ్చింది కూడా, కావాలి అన్నాను, ఆ పసుపు పెట్టెలు నాకు వినపడవు, ఎప్పుడూ వినపడలేదు, పట్టికలో ఆ గడి కావాలనే వదిలేశాను, అందులో అదే రాయి, రస్ట్ గీతలన్నీ తీసేసే మార్గం ఒకటుందట, దాన్ని వెతకాలి, మిగిలినవి మనమే కొయ్యాలి, నువ్వు కావాలి, వారానికి ఒక మధ్యాహ్నం, అలాగే అంది, ఏం చెయ్యాలి నేను, ఆ కుర్చీ లాక్కో అన్నాను, ఏ కుర్చీ అని అడిగి, అర్థమై, లాక్కుంది, చెవిలోది తీసి ఒకటి తనకిచ్చాను, కళ్ళు మూసుకో, నీకు ఎక్కడ అర్థం కాకుండా పోతే అక్కడ ఆపు, మూసుకున్నావా, మూసుకున్నాను, అబద్ధాలాడకు, అయ్యో నిజంగా నెల్బా, గొంతు మొదలైంది, నిలువు గీత, అడ్డగీత, బాణం, పాపం పిల్ల ఊపిరి బిగబట్టి వింటోంది, ఆరో మాట దగ్గర ఆపింది, ఇక్కడే పోయింది నాకు అంది, నాకూ అక్కడే పోతుంది అన్నాను, ఇద్దరం అక్కడ ఆగి ఉన్నాం, నాకు దుఃఖం లేదు, సంతోషం లేదు, కానీ ఒక సంగతి మాత్రం స్పష్టంగా, ఎవరో మెల్లగా చదివి వినిపించినట్టు తెలుస్తోంది, తొమ్మిదేళ్ళు ఎవరి సాయమూ లేకుండా నా పని నేను చేసుకున్నానని మా అక్కకి, విల్మార్‌కి, హెబెర్‌కి కూడా ఎంత గట్టిగా చెప్పానో, ఆ తొమ్మిదేళ్ళలో నేను చేసిన ఒక్క తప్పుని కూడా నేను ఒంటరిగా వినలేదు.